పనివేళల్లో సొంత ప్రాజెక్టులు: సమయాన్ని ఎలా కేటాయించాలి, ఎలా కాపాడాలి

"మా కంపెనీలో వారానికి నాలుగు గంటలు సొంత ఆలోచనల మీద పనిచేసుకోమని అందరికీ చెప్పాం. మూడు నెలలు గడిచినా ఎవరూ ఏమీ చేయలేదు. వాళ్లకు ఆసక్తి లేదా, మా పద్ధతిలో లోపమా?" ఈ ప్రశ్న రకరకాల మాటల్లో నాకు చేరుతూనే ఉంటుంది. అడిగినవారిని నేను తిరిగి అడిగేది ఒక్కటే: ఆ నాలుగు గంటల్లో అంతకుముందు వాళ్లు చేస్తున్న పని ఏమైంది? ఎక్కువమంది దగ్గర దీనికి జవాబు ఉండదు.

ఉన్న పని తగ్గించకుండా ఇచ్చిన సమయం ఈమెయిల్‌లో మాత్రమే ఉంటుంది. పనివేళల్లో ఐదో వంతును సొంత ఆలోచనలకు ఇచ్చే గూగుల్ '20 శాతం సమయం' పేరు ప్రపంచమంతా పాకింది. అయితే అక్కడ ఉన్నత స్థాయిలో పనిచేసిన మరిస్సా మేయరే అది నిజానికి '120 శాతం సమయం' అన్నారు. అంటే మామూలు పనంతా చేశాక, దానిపైన మరో 20 శాతం. అలాంటి పథకం మీ సంస్థలో కూడా పుట్టకుండా చూసుకోవడానికే ఈ మార్గదర్శి. 20 నుంచి 200 మంది పనిచేసే సాఫ్ట్‌వేర్ సంస్థలు, ఇంజినీరింగ్ యూనిట్లు, డిజైన్ కార్యాలయాలను దృష్టిలో పెట్టుకుని రాశాను.

1. ప్రకటనకు ముందు లెక్క వేయండి

ముందుగా కాగితం, పెన్ను తీసుకోండి. 12 మంది జట్టు, వారానికి 40 గంటల పని అనుకుందాం. అందులో 10 శాతం అంటే మనిషికి 4 గంటలు, జట్టుకు 48 గంటలు. 12 వారాల విడతకు 576 గంటలు. ఒక మనిషి 14 వారాలకు పైగా పూర్తిగా చేసే పనితో ఇది సమానం.

ఇప్పుడు డబ్బు. ఒక్కొక్కరి మీద సంస్థకు నెలకు సగటున లక్ష రూపాయలు ఖర్చవుతుంటే, 10 శాతం కింద నెలకు రూ.10,000. పన్నెండు మందికి రూ.1.20 లక్షలు. ఈ అంకె యజమానికి, ఫైనాన్స్ విభాగానికి ముందే తెలియాలి. తెలియకుండా మొదలుపెడితే, మొదటిసారి ఆదాయం తగ్గిన నెలలోనే పథకం ఆగిపోతుంది.

తర్వాత అసలు కష్టమైన పని. ఆ 48 గంటలు ఎక్కడి నుంచి వస్తాయో రాయాలి. నేను చూసినంతలో ఇవి దొరికే చోట్లు మూడే: ఎవరూ చదవని వారపు నివేదికలు, పదిమంది కూర్చుని ఇద్దరే మాట్లాడే సమావేశాలు, తర్వాతి విడతకు వాయిదా వేసినా నష్టం లేని పనులు. మొదటి రెండింటితో సగం గంటలు దొరికితే అదృష్టమే. మిగతా సగానికి లక్ష్యాలను తగ్గించుకోవాల్సిందే.

క్లయింట్‌కు గంటల లెక్కన బిల్లు వేసే సేవా సంస్థలకు మరో చిక్కు ఉంది. సొంత ప్రాజెక్టు గంటలను క్లయింట్ ఖాతాలో రాయడం మోసం కిందికి వస్తుంది. ఆ మాట జట్టుకు బిగ్గరగా చెప్పండి. టైమ్‌షీట్‌లో, అంటే ఏ పనికి ఎన్ని గంటలో రాసే పట్టికలో, విడిగా ఒక కోడ్ తెరవండి. మనిషి మీద పెట్టిన బిల్లింగ్ లక్ష్యాన్ని అదే మేరకు తగ్గించండి. లక్ష్యం అలాగే ఉంచి కోడ్ మాత్రమే తెరిస్తే, ఆ కోడ్‌లో ఒక్క గంట కూడా పడదు.

ముందస్తు చెక్‌లిస్ట్:
- విడతకు ఎన్ని గంటలు, ఎంత ఖర్చు అన్నది అంకెల్లో ఉంది
- ఆపేసే, వాయిదా వేసే పనుల జాబితా ఉంది, దానిపై జట్టు అధిపతి సంతకం ఉంది
- టైమ్‌షీట్ కోడ్ సిద్ధం
- ఈ విడత ముగిసేవరకు పథకాన్ని ఆపబోమని యజమాని రాతపూర్వకంగా చెప్పారు

నాలుగోది లేకపోతే మొదలుపెట్టవద్దు.

2. మీకు సరిపడే నమూనా ఎంచుకోండి

పేరున్న సంస్థల పద్ధతులు అన్నీ ఒకటి కావు. వాటి మధ్య తేడా తెలియకుండా కలిపేయడం వల్లే గందరగోళం వస్తుంది.

వారంలో కొంత భాగం: అమెరికాకు చెందిన 3ఎం సంస్థలో 15 శాతం, గూగుల్‌లో 20 శాతం. సొంతంగా పని నడుపుకోగల అనుభవజ్ఞులు ఎక్కువగా ఉన్నచోట ఇది పనిచేస్తుంది. కొత్తగా చేరినవారే ఎక్కువైతే చెదిరిపోతుంది.

ఒక్క రోజు: ఆస్ట్రేలియాలో పుట్టిన సాఫ్ట్‌వేర్ సంస్థ అట్లాసియన్ 'షిప్‌ఇట్' పేరుతో 24 గంటల కార్యక్రమం నడుపుతుంది. రోజు ముగిసేసరికి చూపించదగినది ఏదో ఒకటి ఉండాలి. మొదటిసారి ప్రయత్నించేవారికి నేను సూచించేది ఇదే. ఖర్చు తక్కువ, విఫలమైతే పోయేది ఒక్క రోజే. ఒక మార్పు మాత్రం చేయండి: రాత్రంతా మేల్కొనే భాగాన్ని తీసేయండి. రాత్రి కార్యక్రమం పెడితే ఇంట్లో చిన్నపిల్లలున్నవారు, చివరి క్యాబ్ అందుకోవాల్సినవారు, ముఖ్యంగా మహిళలు మెల్లగా తప్పుకుంటారు. ఉదయం 10 నుంచి సాయంత్రం 6 వరకు, వరుసగా రెండు రోజులు పెడితే సరిపోతుంది.

ఎంపిక చేసి పూర్తి సమయం ఇవ్వడం: లింక్డ్‌ఇన్ 2012లో ప్రకటించిన ఇన్‌క్యుబేటర్ పద్ధతి ఇది. ఆలోచన నెగ్గితే దానిపై గరిష్ఠంగా మూడు నెలలు పనిచేయనిచ్చేవారు. మనుషుల కొరత ఉన్న చిన్న సంస్థకు ఇది భారమే.

చిన్న మొత్తం, అనుమతి అవసరం లేదు: సాఫ్ట్‌వేర్ సంస్థ అడోబీ తన ఉద్యోగులకు 'కిక్‌బాక్స్' అనే ఎర్రపెట్టె ఇచ్చేది. అందులో పద్ధతి వివరించే కార్డులతో పాటు 1,000 డాలర్ల ప్రీపెయిడ్ కార్డు ఉండేది. దాన్ని ఎలా ఖర్చు చేయాలో ఎవరినీ అడగనక్కర్లేదు. మన దగ్గర అంత మొత్తం అక్కర్లేదు, రూ.5,000 ఇచ్చి బిల్లులు మాత్రమే అడిగినా మనుషుల తీరు మారుతుంది.

షాప్ ఫ్లోర్ బృందం: యంత్రం దగ్గర నిలబడి పనిచేసేవారికి శాతాల లెక్క అర్థం లేనిది. వారికి క్వాలిటీ సర్కిల్ పద్ధతి నప్పుతుంది. ఒకే విభాగంలోని ఐదారుగురు వారానికోసారి కూర్చుని, తమ పనిలోని ఇబ్బందిని తామే ఎంచుకుని పరిష్కరిస్తారు. మన దేశంలో ఇది 1980లో హైదరాబాద్ దగ్గరి రామచంద్రపురం బీహెచ్‌ఈఎల్‌లోనే మొదలైంది. కాబట్టి బాలానగర్, జీడిమెట్లల్లో యూనిట్ నడిపేవారు కాలిఫోర్నియా వైపు చూడాల్సిన పని లేదు.

నా సలహా: ముందు రెండు రోజుల కార్యక్రమం. అది సజావుగా సాగితే, ఒకే జట్టుతో 12 వారాల విడత. సంస్థ అంతటా అమలు ఆ తర్వాతి మాట.

3. శాతం వద్దు, గడియారం చూపించండి

"10 శాతం" అంటే ఎవరి క్యాలెండర్‌లోనూ కనిపించదు. "బుధవారం ఉదయం 9.30 నుంచి 1.30 వరకు" అంటే కనిపిస్తుంది.

శుక్రవారం మధ్యాహ్నం ఎంచుకోవద్దు. వారం మిగిల్చిన పనులన్నీ అప్పుడే వచ్చి పడతాయి, సగంమంది మనసు ఊరి బస్సు మీద ఉంటుంది. సోమవారం ఉదయం కూడా అంతే. వారం మధ్యలో, మనసు తాజాగా ఉండే పూట ఇవ్వండి. ఇది పైవారికి కాస్త గుచ్చుకుంటుంది. గుచ్చుకోకపోతే మీరిచ్చింది మిగులు సమయమని అర్థం.

జట్టంతా ఒకే పూట తీసుకోవాలి. ఒక్కొక్కరు ఒక్కో రోజు తీసుకుంటే ఫోన్లు, చాట్ సందేశాలు ఆగవు. అత్యవసర ఫిర్యాదులు చూసుకోవడానికి వంతులవారీగా ఒకరిని కేటాయించండి. ఆ వారం వారికి మరో పూట ఇవ్వండి.

4. హక్కులు, రహస్యాలు: మొదటి రోజే తేల్చండి

ఇది అందరూ దాటవేసే భాగం. ఆలోచన పనికిరాకపోతే ఎవరూ పట్టించుకోరు. పనికొస్తే మాత్రం "ఇది నాది" అన్న మాట రెండు వైపుల నుంచీ వస్తుంది.

కాపీరైట్: ఉద్యోగంలో భాగంగా రాసిన ప్రోగ్రామ్‌కు, వేరే ఒప్పందం లేకపోతే, సంస్థే మొదటి యజమాని అని 1957 కాపీరైట్ చట్టంలోని సెక్షన్ 17 చెబుతుంది. సొంత ప్రాజెక్టు 'ఉద్యోగంలో భాగమా కాదా' అన్నది వాదనకు తావిచ్చే విషయం. అందుకే పథకం నియమాల్లో ఒక వాక్యంలో తేల్చి రాయండి.

పేటెంట్: 1970 పేటెంట్ల చట్టంలో ఉద్యోగి ఆవిష్కరణ తనంతట తానే సంస్థకు చెందుతుందనే సెక్షన్ లేదు. హక్కు బదిలీ రాతపూర్వకంగా జరగాలి. నియామక ఒప్పందంలో ఆ మాట ఉందో లేదో చూడండి. హక్కు సంస్థదైనా, ఆవిష్కర్తగా ఉద్యోగి పేరు ఉండాలి.

కాంట్రాక్టు సిబ్బంది: వేరే ఏజెన్సీ జీతం ఇచ్చేవారు, ఫ్రీలాన్సర్లు మీ ఉద్యోగులు కారు. వారి పనికి సెక్షన్ 17లోని ఆ నిబంధనను నమ్ముకోలేరు. విడిగా ఒప్పందం రాసుకోవాలి. అందులో కాలపరిమితి రాయకపోతే కాపీరైట్ బదిలీ ఐదేళ్లకే పరిమితమని, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే వర్తిస్తుందని చట్టం భావిస్తుంది. రెండూ స్పష్టంగా రాయించండి. ఈ తలనొప్పి ఎందుకని కాంట్రాక్టు సిబ్బందిని పథకం నుంచి తీసేసే సంస్థలున్నాయి. అది తప్పు, ఉద్యోగులకు కనిపించని లోపాలు చాలాసార్లు కనిపించేది వారికే.

ప్రదర్శనకు ముందు దరఖాస్తు: పేటెంట్ రావచ్చనిపించిన దాన్ని బయటివారి ముందు చూపిస్తే కొత్తదనం పోయే ప్రమాదం ఉంది. ముందు ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు వేయండి; పూర్తి వివరాలు సమర్పించడానికి 12 నెలల గడువు ఉంటుంది. విదేశీ మాతృసంస్థ ఉన్నవారు మరో సంగతి గమనించాలి. భారత్‌లో నివసించే ఆవిష్కర్త నేరుగా విదేశంలో దరఖాస్తు వేయకూడదు. ఇక్కడి పేటెంట్ కార్యాలయం నుంచి సెక్షన్ 39 కింద అనుమతి తీసుకోవాలి, లేదా ముందు ఇక్కడ దరఖాస్తు వేసి ఆరు వారాలు ఆగాలి.

క్లయింట్ సొత్తు: క్లయింట్ ఇచ్చిన ల్యాప్‌టాప్, కోడ్, డేటా ఏవీ సొంత ప్రాజెక్టులోకి రాకూడదు. ఒక్క ఫైలు వచ్చినా ఫలితం మీద క్లయింట్ హక్కు అడగవచ్చు. వినియోగదారుల వ్యక్తిగత వివరాలకు బదులు కల్పిత డేటా తయారుచేసుకోవాలి.

ఇదంతా రెండు పేజీలకు మించదు. న్యాయ సలహాదారుకు ఒక్కసారి చూపించండి. ఉద్యోగులకు తెలుగులోనో ఇంగ్లిషులోనో వారికి అర్థమయ్యే మాటల్లో వివరించండి. సంతకం పెట్టించుకోవడం ఒక్కటే చాలదు.

మరొకటి. బయటి కంపెనీకి రహస్యంగా పనిచేసే మూన్‌లైటింగ్‌కు, దీనికి తేడా నియమాల్లో ఉండాలి. ఇక్కడ సమయం, పరికరాలు సంస్థవి. పని పదిమందికీ తెలిసే సాగుతుంది.

5. మధ్యస్థాయి మేనేజర్‌తో ముందు మాట్లాడండి

పథకాన్ని యజమాని మెచ్చుకుంటారు, ఉద్యోగి ఇష్టపడతాడు. ఆగిపోయేది మధ్యలో ఉన్న మేనేజర్ దగ్గర. అది అతడి దుర్బుద్ధి కాదు. డెలివరీ ఆలస్యమైతే మాట పడేది తనే కదా. అందుకే ప్రకటనకు కనీసం రెండు వారాల ముందు మేనేజర్లతో విడిగా కూర్చోండి. మొదటి భాగంలో చెప్పిన, ఆపేసే పనుల జాబితా వారి చేతే తయారు చేయించండి. వారి వార్షిక మదింపులో "జట్టుకు కేటాయించిన గంటలు నిజంగా దక్కాయా?" అన్న ప్రశ్న చేర్చండి.

రెండో వారంలోనే ఒక జట్టు అధిపతి వచ్చి "సార్, రేపు క్లయింట్ డెమో ఉంది. ఈ ఒక్క వారం మానేద్దాం" అంటారు. కుదరదని గద్దించవద్దు, సరేననీ అనవద్దు. "మానేయవద్దండీ, మార్చండి. ఏ రోజుకు మారుస్తున్నారో ఇప్పుడే క్యాలెండర్‌లో పెట్టండి" అనండి. విడతకు ఇలాంటి మార్పులు రెండుకు మించకూడదని ముందే చెప్పి ఉంచండి.

6. ఆలోచనలు కోరండి, జల్లెడ పెద్దది పెట్టకండి

అర పేజీ చాలు. ఐదు ప్రశ్నలు:
- ఎవరికి ఏ ఇబ్బంది ఉంది?
- ఇప్పుడు వాళ్లు ఎలా సర్దుకుంటున్నారు?
- మీరు ముందుగా ఏం చేసి చూస్తారు?
- ఏం జరిగితే ఇది పనికిరాదని ఒప్పుకుంటారు?
- ఎవరి సాయం, ఎంత సొమ్ము కావాలి?

నాలుగో ప్రశ్నకు జవాబు రాయలేనివారికి ఇంకొంచెం సమయం ఇవ్వండి, తిరస్కరించవద్దు. లాభం ఎంత వస్తుందన్న ప్రశ్న మాత్రం ఈ దశలో అడగకండి. అడిగితే అందరూ నోటికొచ్చిన అంకె రాస్తారు, తర్వాత మీరు ఆ అంకెను నమ్మడం మొదలుపెడతారు.

జవాబు రెండు పని దినాల్లో వెళ్లాలి. కాదనడానికి మూడే కారణాలు ఉండాలి: చట్టవిరుద్ధం, భద్రతకు ముప్పు, క్లయింట్ సొత్తు వాడటం. "మన వ్యాపారానికి సంబంధం లేదు" అనేది కారణంగా చెల్లాలా అన్నది మీ ఇష్టం. గూగుల్ వ్యవస్థాపకులు 2004లో వాటాదారులకు రాసిన లేఖలో, సంస్థకు ఎక్కువ మేలు చేస్తుందని ఉద్యోగి భావించే పని చేయాలన్నారు. చిన్న సంస్థకు ఆ కొలమానం న్యాయమైనదే.

వర్క్‌షాప్‌లో అయితే అదనపు నియమాలు తప్పనిసరి. ప్రయోగం చేసేటప్పుడు యంత్రం దగ్గర ఒంటరిగా ఉండకూడదు. రక్షణ కవచం తీయకూడదు. స్క్రాప్ మెటీరియల్ ఎంత వాడవచ్చో స్టోర్స్‌లో రాసి ఉండాలి. ఆపరేటర్ పక్కకు వెళ్లే రెండు గంటలకు రిలీవర్‌ను, అంటే బదులు మనిషిని, చూపించాలి, లేకపోతే ఆ పూట ఉత్పత్తి లక్ష్యం తగ్గించాలి. సొంతంగా నమూనా తయారుచేసే పరికరాలు లేని సంస్థలు హైదరాబాద్ రాయదుర్గంలోని టీ-వర్క్స్ లాంటి నమూనా తయారీ కేంద్రాలను సంప్రదించవచ్చు.

7. పన్నెండు వారాల నడక

వారాలు 1, 2: ఏదీ తయారుచేయకూడదు. ఇబ్బంది పడుతున్నవారిని కలిసి, వాళ్లు పనిచేస్తుండగా చూడాలి. సాఫ్ట్‌వేర్ వారికి ఇది మహా కష్టం. కూర్చోగానే కోడ్ రాయాలనిపిస్తుంది.

వారాలు 3, 4: అతి చిన్న నమూనా. అట్టముక్కతో చేసిందైనా, స్ప్రెడ్‌షీట్‌లో చేసిందైనా సరే.

వారం 5: పావుగంట సమీక్ష. కొనసాగాలా, దారి మార్చాలా, ఆపి వేరొకరి ప్రాజెక్టులో చేరాలా అన్నది ఉద్యోగే నిర్ణయించుకోవాలి. మేనేజర్ వినాలి, అంతే.

వారాలు 6 నుంచి 10: పని. ఎవరూ కదిలించకూడదు. స్థితి నివేదికలు అడగకూడదు.

వారం 11: రాత పని. ఏం ప్రయత్నించారు, ఏది పనిచేయలేదు, ఫైళ్లు ఎక్కడున్నాయి అన్నది రెండు పేజీల్లో రాయాలి.

వారం 12: ప్రదర్శన.

8. ప్రదర్శన రోజు

ఒక్కొక్కరికి ఏడు నిమిషాలు. స్లైడ్లు వద్దు, వస్తువు చూపించాలి. పనిచేయని ప్రాజెక్టుకు కూడా అంతే సమయం. మొదటి వరసలో అమ్మకాలవారిని, కస్టమర్ సపోర్ట్ వారిని, స్టోర్స్‌వారిని కూర్చోబెట్టండి. ఇంజినీర్లు ఒకరినొకరు మెచ్చుకోవడం వల్ల పెద్ద ప్రయోజనం లేదు.

పనిని ఇలా నలుగురికీ చూపించడం విలువ 3ఎం అనుభవంలో కనిపిస్తుంది. అక్కడ స్పెన్సర్ సిల్వర్ 1968లో తయారుచేసిన బలహీనమైన జిగురుకు ఉపయోగమేమిటో ఎవరికీ తోచలేదు. అయినా ఆయన సహోద్యోగులకు దాని గురించి చెబుతూనే వచ్చారు. అలా విన్న ఆర్ట్ ఫ్రై, చర్చి పాటల పుస్తకంలో జారిపోని గుర్తుకాగితం కోసం 1974లో దాన్ని వాడారు. అంటించి తీయగల ఆ చీటీ పోస్ట్-ఇట్ పేరుతో అమెరికా అంతటా మార్కెట్లోకి వచ్చింది 1980లో. పన్నెండు వారాల్లో ఫలితం రాలేదని ఏదైనా చెత్తబుట్టలో పడేసే ముందు ఈ సంవత్సరాలు చూడండి. పదకొండో వారం రాతపని ఎందుకో కూడా తెలుస్తుంది.

9. ఆ తర్వాత ఏమిటో వారంలోగా చెప్పండి

ప్రతి ప్రాజెక్టుకూ ఈ మూడింటిలో ఒక జవాబు, కారణంతో సహా, రాతలో వెళ్లాలి:
- కొనసాగింపు: ఇకపై ఇది సంస్థ పని. బడ్జెట్, మనుషులు, బాధ్యుడు ఎవరో స్పష్టం. ఆలోచన ఇచ్చినవారికి దానిలో చోటు.
- భద్రపరచడం: పత్రాలు అందరికీ కనిపించే చోట. ఎవరైనా మళ్లీ ఎత్తుకోవచ్చు.
- ముగింపు: ఇక సమయం ఇవ్వం. నేర్చుకున్నది మాత్రం నమోదైంది.

ప్రదర్శన రోజు చప్పట్లు కొట్టి ఆ తర్వాత నోరు మెదపని సంస్థలకు రెండో విడతలో దరఖాస్తులు రావు.

10. తరచూ జరిగే పొరపాట్లు, సవరణలు

బెంచ్ మీద, అంటే క్లయింట్ ప్రాజెక్టు లేక ఖాళీగా, ఉన్నవారికే ఇవ్వడం. దీంతో సొంత ప్రాజెక్టు చేయడమంటే పని లేకపోవడమనే ముద్ర పడుతుంది. చురుగ్గా పనిచేస్తున్న జట్టుతోనే మొదలుపెట్టండి.

బహుమతి సొమ్ము పెద్దదిగా పెట్టడం. లక్ష రూపాయలు ప్రకటిస్తే మనుషులు ఆలోచనలు దాచుకుంటారు, ఒకరికొకరు సాయపడరు. సొమ్మును సామగ్రికి, పరీక్షలకు మళ్లించండి.

విజయాన్ని మదింపు మార్కులకు ముడిపెట్టడం. అప్పుడు అందరూ తప్పక నెగ్గే చిన్న పనులే ఎంచుకుంటారు. పాల్గొన్నందుకు మార్కు తగ్గకూడదు. నెగ్గనందుకు అసలే తగ్గకూడదు.

పాత బకాయి పనులను ఇందులోకి దూర్చడం. "ఎలాగూ ఖాళీయే కదా, ఆ బగ్గులు చూసెయ్యండి" అన్న మాట ఒక్కసారి వినబడితే చాలు. ఆ పూటను వెంటనే తిరిగి ఇవ్వండి, టైమ్‌షీట్‌లోనూ సరిదిద్దండి.

సొంత ఆలోచన లేనివారిని వదిలేయడం. జట్టులో సగంమందికి ఆలోచన ఉండదు, ఉండాల్సిన అవసరమూ లేదు. వారు ఇతరుల ప్రాజెక్టుల్లో చేరేందుకు మొదటి వారంలో ఒక గంట కేటాయించండి. పరీక్షించడం, లెక్కలు చూడటం, క్లయింట్ భాషలో వివరించడం తెలిసినవారు అక్కడే దొరుకుతారు.

11. రెండో విడతకు ముందు చూడాల్సిన అంకెలు

మొదటి ఏడాది లాభాల లెక్క వేయకండి. ఇవి చాలు:
- కేటాయించిన గంటల్లో నిజంగా వాడినవి ఎన్ని? సగానికి తక్కువైతే ప్రాజెక్టులను కాదు, మేనేజర్ల లక్ష్యాలను సమీక్షించండి
- వాయిదా పడిన పూటల్లో తిరిగి దక్కినవి ఎన్ని?
- ఎన్ని విభాగాల వారు పాల్గొన్నారు? మహిళలు, కాంట్రాక్టు సిబ్బంది ఎందరు?
- మొదటి విడత ప్రాజెక్టుల్లో ఎన్నింటికి గడువులోగా రాతపూర్వక జవాబు వెళ్లింది?
- ఆపేస్తామన్న నివేదికలు, సమావేశాలు నిజంగానే ఆగాయా, మళ్లీ మొదలయ్యాయా?